వేడినీళ్లు ముందు గడ్డకడతాయా? – నవ్వులపాలైన ఒక ప్రశ్న కథ



ఈ హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో నేను మా సైన్సు మాస్టారిని ఒక ప్రశ్న అడిగాను. "ఐసు నీళ్లు పోసిన గ్లాసుకి బయట చెమట ఎందుకు పడుతుంది సార్?" అని. గ్లాసుకి చెమటేమిట్రా అని క్లాసంతా ఘొల్లుమంది. ఆ రోజు మూసిన నోరు మళ్లీ డిగ్రీలో ఫిజిక్స్ తీసుకున్నాకే తెరిచాను. అప్పుడే లైబ్రరీలో నాలాగే నవ్వులపాలైన ఒక కుర్రాడి గురించి చదివాను. ఆ సంగతి మీకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అతని పేరు ఎరాస్టో ఎంపెంబా. ఆఫ్రికాలోని టాంజానియా వాడు. 1963లో మగాంబా అనే ఊళ్లో హైస్కూలు చదువుతున్నాడు. అక్కడి పిల్లలు పాలు కాచి, పంచదార కలిపి, చల్లార్చి, ఫ్రీజర్‌లో పెట్టి ఐస్‌క్రీమ్ చేసుకునేవారు. ఫ్రీజర్‌లో చోటు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఒకరోజు చోటు దొరకదేమోనన్న తొందరలో ఎంపెంబా పాలు చల్లారకుండానే వేడివేడిగా లోపల పెట్టేశాడు. పక్క కుర్రాడు అసలు కాచకుండానే పెట్టాడు. గంటన్నర తర్వాత చూస్తే ఎంపెంబా పాలు గడ్డకట్టాయి. పక్కవాడివి ఇంకా చిక్కటి ద్రవంగానే ఉన్నాయి!

మాస్టారిని అడిగితే నువ్వే పొరబడి ఉంటావన్నారు. పై తరగతులకు వేరే స్కూలుకి వెళ్లాక, అక్కడ వస్తువులు చల్లారే పాఠం వచ్చినప్పుడు మళ్లీ అడిగాడు. అది ఎంపెంబా ఫిజిక్స్, లోకంలోని ఫిజిక్స్ కాదని ఆ మాస్టారు కొట్టిపారేశారు. అప్పటినుంచి అతను లెక్క తప్పు చేసినా సరే, ఇది ఎంపెంబా లెక్కరా అని తోటివాళ్లు వెక్కిరించేవారు.

అయినా అతను ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం ల్యాబ్ తెరిచి ఉంటే రెండు బీకర్లలో సమానంగా చన్నీళ్లు, వేడినీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టి చూశాడు. ఆ తర్వాత దార్ ఎస్ సలామ్ యూనివర్సిటీ కాలేజీ నుంచి డెనిస్ ఆస్‌బోర్న్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ వారి స్కూలుకి వచ్చినప్పుడు, అందరిముందూ లేచి అదే ప్రశ్న వేశాడు. 35 డిగ్రీల నీళ్లు, 100 డిగ్రీల నీళ్లు సమానంగా తీసుకొని ఫ్రీజర్‌లో పెడితే, 100 డిగ్రీలవే ముందు గడ్డకడుతున్నాయి, ఎందుకని? హాలంతా నవ్వింది. ఆస్‌బోర్న్ గారికీ నమ్మకం కలగలేదు. కానీ ఆయన నవ్వలేదు. వెళ్లి చేసి చూస్తానన్నారు. చేయించారు. వేడినీళ్లే ముందు గడ్డకట్టాయని చెప్పిన ల్యాబ్ టెక్నీషియన్, సరైన ఫలితం వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేస్తామని కూడా అన్నాడట! 1969లో 'ఫిజిక్స్ ఎడ్యుకేషన్' పత్రికలో ఇద్దరి పేర్లతో వ్యాసం వచ్చింది. అప్పటికి ఎంపెంబా వన్యప్రాణి సంరక్షణ కాలేజీలో విద్యార్థి.

ఇక అసలు విషయానికి వద్దాం. 100 డిగ్రీల నీళ్లు గడ్డకట్టాలంటే ముందు 35కి దిగాలి కదా. అక్కడి నుంచి రెండూ సమానమే కదా, అలాంటప్పుడు ముందెలా వెళ్తాయి? న్యాయమైన సందేహమే. అయితే 35కి దిగేసరికి అవి మొదటి నీళ్లలా ఉండవు.

మొదటిది, బాష్పీభవనం. మరిగే నీళ్లలో 1 గ్రాము ఆవిరి కావడానికి దాదాపు 540 కెలోరీల వేడి కావాలి. ఆ వేడిని మిగిలిన నీళ్ల నుంచే తీసుకుపోతుంది. పైగా నీళ్లు తగ్గుతాయి, గడ్డకట్టవలసినదీ తగ్గుతుంది. రెండవది, కాగిన నీళ్లలో కరిగిన గాలి తక్కువ. మూడవది, వేడి గ్లాసులో నీళ్లు పైకీ కిందికీ ఎక్కువగా కదులుతాయి. నాలుగవది, ఫ్రీజర్‌లో పేరుకున్న మంచును వేడి గ్లాసు కరిగించి అడుగున లోహానికి ఆనుకుంటుంది, అందువల్ల వేడి త్వరగా బయటకు పోతుంది. అయిదవది, నీళ్లు ఒక్కోసారి సున్నా డిగ్రీల కంటే కిందికి దిగినా గడ్డకట్టకుండా ద్రవంగానే ఉండిపోతాయి. ఏ గ్లాసులో అలా జరుగుతుందో ముందుగా చెప్పలేం.

వీటిలో అసలు కారణం ఏది? ఈ రోజుకీ తేలలేదు. 2012లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పమని పోటీ పెడితే 22 వేలకు పైగా జవాబులు వచ్చాయి. 2016లో బరిడ్జ్, లిండెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జాగ్రత్తగా కొలిచి, సున్నా డిగ్రీలకు చేరడంలో వేడినీళ్లు ముందుండటం తమకు కనిపించలేదన్నారు. థర్మామీటర్ కొంచెం పైకో కిందికో జరిగినా ఫలితం తారుమారైనట్టు కనిపిస్తుందని చూపించారు. సున్నాకి చేరడం వేరు, గడ్డకట్టడం వేరు అని మరికొందరి వాదన. అంటే ఎంపెంబా చెప్పింది ప్రతిసారీ జరిగే నియమం కాదు. కానీ అతని ప్రశ్న మాత్రం అరవై ఏళ్లుగా శాస్త్రవేత్తల చేత పని చేయిస్తూనే ఉంది.

మన దగ్గర ఫ్రీజర్ లేకపోయినా ఇందులో ఒక భాగం మీరే పరీక్షించవచ్చు. ఒకేలాంటి రెండు స్టీలు గ్లాసుల్లో వేడినీళ్లు సమానంగా పోయండి (చేతులు జాగ్రత్త). ఒకదానిమీద పళ్లెం మూత పెట్టండి, రెండోది తెరిచి ఉంచండి. స్కూలు ల్యాబ్ నుంచి థర్మామీటర్ అడిగి తెచ్చుకొని, అయిదు నిమిషాలకోసారి రెండింటిలోనూ ఒకే లోతులో ఉంచి చూసి నోటుబుక్కులో రాయండి. మూత పెట్టిన సాంబారు త్వరగా చల్లారదని మన మెస్‌లో వంటాయనకీ తెలుసు. ఎంత తేడా అన్నది అంకెల్లో రాస్తే అదే ఫిజిక్స్. ఒక్కసారి చూసి నమ్మకండి, మూడుసార్లు చేయండి.

చివరగా, గ్లాసుకి పట్టేది చెమట కాదు. గాలిలో కంటికి కనపడని నీటిఆవిరి ఉంటుంది. అది చల్లటి గ్లాసును తాకి నీటిబొట్లుగా మారుతుంది. రెండు వాక్యాల ఈ జవాబు కోసం నేను ఏళ్లకేళ్లు ఆగాను. మీరు ఆగకండి. స్టడీ అవర్‌లో పక్కవాడు వింత ప్రశ్న వేస్తే నవ్వకండి. రెండు గ్లాసులు తెచ్చి పక్కన కూర్చోండి.

– మీ పూర్వ విద్యార్థి