టి. నగర్‌లో ఉండగా షెడ్డులో కుంపటి గుర్తొచ్చింది

చలి ముదిరింది, షెడ్లలో కుంపట్లు పెట్టే కాలం. పోయిన ఏడు ఇదే చలిలో మా ఇంట్లో జరిగింది రాస్తున్నా.

పాప పెళ్లికి చీరలు చూద్దామని నేను, మా ఇంటామె మద్రాసు టి. నగర్ పోయినాం. పానగల్ పార్కు దగ్గర (ఆ పేరు మన కాళహస్తి వైపు రాజాదే) 1928 నుంచి ఉన్న నల్లి మొదలు పెద్ద పట్టు అంగళ్లన్నీ ఉంటాయి. మనం కిలో గూళ్లకు నాలుగు రూపాయల కోసం కొట్లాడతాం, ఆడ చీర రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. అది వేరే కథ.

రాత్రి ఉస్మాన్ రోడ్డులో నడుస్తా ఉంటే మా చిన్నాయన కొడుకు ఒక చోటు చూపించినాడు. 2017 మే 31 తెల్లవారుజామున చెన్నై సిల్క్స్ బిల్డింగు అంటుకుంది ఇక్కడే. రోజు దాటినా ఆరలేదు. పొగ కమ్మేసి ఫైరోళ్లు లోపలికి పోలేకపోయినారు. బిల్డింగు కొంత కూలింది, మిగిలింది తర్వాత పడగొట్టినారు. "మంట కన్నా పొగే కష్టపెట్టిందన్నా" అన్నాడు.

ఆ మాటకు నాకు షెడ్డు గుర్తొచ్చింది. రెండో జ్వరం దాటని పురుగుల్ని మా బామ్మర్ది కొడుక్కి అప్పజెప్పి వచ్చినాం. మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తినాడు. మాట ముద్దగా ఉంది. "తల పగిలిపోతాంది మామా, వాంతి వస్తాంది." కిటికీలకు గోనెపట్టలు కట్టి, కుంపటి పక్కనే పండుకున్నాడు. బయటికి రారా అని రోడ్డు మీదే అరిచినా. పక్కింటోళ్లు ఆసుపత్రికి తీసుకుపోయినారు, బతికినాడు. మేము చీర కొనకుండానే బస్సెక్కినాం.

"పొగే లేదు మామా, బొగ్గులు ఎర్రగా ఉండాయి" అన్నాడు తర్వాత. మోసం అక్కడే. కట్టెల పొగైతే కళ్లు మండి మనమే బయటికొస్తాం. బాగా రాజుకున్న బొగ్గుకు పొగ ఉండదు గానీ కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. తలనొప్పి, వాంతి వస్తే పైత్యం అనుకుంటాం, ఆపైన మత్తు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంట్లో చలికి కుంపటి పెట్టి తలుపేసుకునే వాళ్లకూ ఇదే.

చాకీ పురుగుకు 26-28 డిగ్రీలు కావాలి, నిజమే. ఇప్పుడు మేము కుంపటి వాకిట్లో రాజేసి, పొగ పోయినాకే లోపల పెడతాం. పై వెంటిలేటరు, కింద ఒక కిటికీ మూయం. వేడి కొంత పోతే పోనీ. థర్మామీటరు 27 చూపించగానే కుంపటి బయటికే. పురుగుల్ని చూసి రావడమే గానీ లోపల ఎవరూ పండుకోరు. కుంపటి కింద ఇటుకలు పరుస్తాం, పారఫిన్ పేపరు, ఎండిన చెత్త, వెదురు చంద్రికలు దాని దరిదాపుల్లో పెట్టం. కిరోసిన్ పోసి అంటించం. బొగ్గు వేడికి గాలి ఎండిపోతుంది కాబట్టి పక్కన నీళ్ల గిన్నె, పురుగు జ్వరంలో ఉంటే మాత్రం అది తీసేస్తాం. బూడిద చల్లారినట్టే కనిపిస్తుంది, అడుగున నిప్పు ఉంటుంది, నీళ్లు పోయందే దిబ్బలో వేయం.

ఈసారి 150 గుడ్లు పెట్టినాం. చూసేది ఆ పిల్లోడే. వాకిట్లో మంచం వేసుకుని, చలికి నన్ను తిట్టుకుంటా పండుకుంటాడు.