కువైట్ వలస, సుగ్గి వలస: ఒకే కరువు, రెండు దారులు

వలస అనే ఒక్క మాటతో మనం రెండు వేరువేరు బతుకులను పిలుస్తున్నాం. రాయచోటి, రాజంపేట, కోడూరు ప్రాంతాల నుంచి కువైట్‌కు విమానం ఎక్కేవారిదీ వలసే. కోసిగి, ఆలూరు, ఆదోని, పత్తికొండ ప్రాంతాల నుంచి గుంటూరు మిరప చేలకు లారీ ఎక్కేవారిదీ వలసే. ఈ రెండు రకాల ఇళ్ల నుంచి వచ్చిన విద్యార్థులు మన హాస్టల్లో పక్కపక్కనే కూర్చుని భోంచేస్తున్నారు. అయినా ఒకరి ఇంటి సంగతి మరొకరికి సరిగా తెలియదు. "వాళ్లకేమిరా, కువైట్ డబ్బులు" అని ఒకరు, "వాళ్లు గుంటూరుకే కదా పోయేది, నాలుగు నెలల్లో వస్తారు" అని ఇంకొకరు అనుకుంటూ ఉంటారు. ఈ రెండు మాటల్లో నిజం ఎంతో చూడటమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం. ఇందులో కర్నూలు, కడప అన్నప్పుడల్లా 2022లో విభజన జరగకముందున్న జిల్లాలనే దృష్టిలో పెట్టుకోవాలని మనవి.

కరువు ఒక్కటే

అర్థశాస్త్రంలో వలసకు రెండు రకాల కారణాలు చెబుతారు. ఉన్న ఊరి నుంచి తోసేవి కొన్ని, పోయే ఊరి వైపు లాగేవి కొన్ని. తోసే కారణం మన రెండు జిల్లాలకూ ఒక్కటే. ఏడాదికి అటూ ఇటుగా 700 మిల్లీమీటర్ల వాన. అది కూడా రావలసినప్పుడు రాదు. వేరుశనగ పూత మీద ఉన్నప్పుడు ముఖం చాటేసి, కాయ ఆరబెట్టినప్పుడు కురుస్తుంది.

కర్నూలు–కడప కాలువ పేరులో రెండు జిల్లాలూ ఉన్నాయి. 19వ శతాబ్దంలో తవ్విన ఆ కాలువ సుంకేసుల నుంచి బయలుదేరి నంద్యాల, మైదుకూరు వైపు పొలాలను తడిపింది. పడమటనున్న కోసిగికి గానీ, దక్షిణాననున్న రాయచోటికి గానీ దాని నీళ్లు అందవు. ఆదోని, ఆలూరు వైపు తుంగభద్ర దిగువ కాలువ ఉన్నా, చివరి ఆయకట్టు రైతుకు నీళ్లకంటే ఎదురుచూపే ఎక్కువ. బోరు వేస్తే నీళ్లు పడొచ్చు, పడకపోవచ్చు. అప్పు మాత్రం తప్పకుండా పడుతుంది.

కరువు ఒకటే అయినప్పుడు ఒకరు సముద్రం దాటి, మరొకరు మరో జిల్లాతోనే ఎందుకు ఆగిపోతున్నారు? అవసరం ఎక్కువున్నవాడే ఎక్కువ దూరం పోతాడని మనకు తోస్తుంది. జరుగుతున్నది దానికి తలకిందులు. చేతిలో కొంచెమైనా ఉన్నవాడు దూరం పోతున్నాడు. ఏమీ లేనివాడు దగ్గరలోనే తిరుగుతున్నాడు.

ఎవరు ఎక్కడికి పోగలరు?

కువైట్ పోవాలంటే మూడు కావాలి. పాస్‌పోర్టు, వీసాకు టిక్కెట్టుకు డబ్బు, అక్కడ ముందే ఉన్న ఒక మనిషి. కడప జిల్లా నుంచి 1970ల నుంచే గల్ఫ్ ప్రయాణం సాగుతోంది. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి అక్కడ ఇళ్లు, రోడ్లు, ఇంటిపనులు అన్నిటికీ మనుషులు కావలసివచ్చారు. ముందు పోయిన ఒకరు తమ్ముణ్ణి, తమ్ముడు బామ్మర్దిని, బామ్మర్ది పక్కింటివాణ్ణి పిలిపించుకున్నారు. ముస్లిములు, బలిజలు, మాల మాదిగలు, ఇంకా అనేక కులాలవారు ఇలా పోయారు. నేడు కువైట్‌లో ఉన్న విదేశీయులలో భారతీయులే ఎక్కువ, సుమారు 10 లక్షల మంది. వారిలో మన కడపవారు ఎక్కువగా కనిపించడానికి కారణం ఈ గొలుసే.

సుగ్గికి పోవడానికి పాస్‌పోర్టు అక్కరలేదు. సుగ్గి అంటే కన్నడంలో పంట కోతల కాలం. సరిహద్దు పల్లెలు కావడంతో ఆ మాట మనకూ అలవాటయింది. మన పంటలు ముగిసిన తర్వాత పత్తి తీయడానికీ, సంక్రాంతి దాటాక మిరపకాయలు కోయడానికీ గుంటూరు వైపు పోతారు. ఉగాది నాటికి కొందరు, వేసవి ముదిరాక కొందరు తిరిగి వస్తారు. హైదరాబాదు, బెంగళూరులలో కట్టడాల పనికి పోయేవారు వేరే. సుగ్గికి పోయేవారిలో బోయ, కురువ, మాదిగ కుటుంబాలు ఎక్కువ. సెంటు భూమి లేనివారితోపాటు నాలుగైదు ఎకరాల మెట్ట ఉన్న చిన్న రైతులూ ఉంటారు. వారికి కావలసింది ఒక్కటే, మేస్త్రీ పిలుపు.

అక్షరాస్యతలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం కడప జిల్లా అక్షరాస్యత సుమారు 67 శాతం, కర్నూలుది సుమారు 60 శాతం. కర్నూలు జిల్లా ఆడవాళ్లలో సగం మందికి అక్షరం రాదు. పాస్‌పోర్టు దరఖాస్తు నింపడం తెలియని ఇంటికి కువైట్ గొలుసు ఎలా అందుతుంది?

అప్పు, అడ్వాన్సు

రెండు వలసలూ అప్పుతోనే మొదలవుతాయి. కానీ అప్పు తీరు వేరు. కువైట్ పోయేవాడు ముందే అప్పు చేసి ఏజెంటుకు కడతాడు. రిజిస్టరయిన ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలు, దానిమీద పన్ను మించి తీసుకోరాదని నిబంధన. పల్లెల్లో చేతులు మారే మొత్తం దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి మొదటి ఏడాది, రెండో ఏడాది సంపాదన అప్పుకే సరి. ఆ తర్వాత పంపేది ఇంటికి చేరుతుంది. ఇల్లు కట్టడం, ఆడపిల్ల పెళ్లి, బోరు, కొంచెం బంగారం, ఈ వరసలో ఖర్చవుతుంది. పదేళ్లు ఉండి వచ్చినవారిలో మిద్దె తప్ప మరేమీ మిగలనివారు చాలామంది ఉన్నారు.

సుగ్గివారికి అప్పు వేరే దారిలో వస్తుంది. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బుతో దుకాణం బాకీ, విత్తనాల బాకీ తీరుస్తారు. అప్పటినుంచి వారి చేతులు మేస్త్రీకి కట్టుబడినట్టే. కోసిన కాయకు కిలోల లెక్కన కూలి. ఎంత ఎక్కువ మంది కోస్తే అంత ఎక్కువ వస్తుంది కాబట్టి ఇంటిల్లిపాదీ చేలోకి దిగుతారు. చేను గట్టున పట్టా కప్పిన గుడిసె, అక్కడే వంట, అక్కడే నిద్ర.

ఉపాధి హామీ ఉండగా ఎందుకు పోయారు అని కొందరు అడుగుతారు. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మన పక్కనే ఉన్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. కడప మొదటి విడతలోనే, కర్నూలు రెండో విడతలో అందులో చేరాయి. అది చాలా ఇళ్లను ఆదుకుంది, కాదనలేం. అయితే ఏడాదికి కుటుంబానికి 100 రోజులే పని, కూలి రావడానికి వారాలు. బాకీవాడు వాకిట్లో కూర్చున్నప్పుడు ఒకేసారి చేతికొచ్చే అడ్వాన్సు ముందు ఆ కూలి నిలబడలేకపోయింది.

చట్టం ఎవరికి తోడు?

అన్నిటికంటే ఆశ్చర్యకరమైన విషయం ఇక్కడ ఉంది. విదేశానికి పోయేవారికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మీద ప్రత్యేక ముద్ర ఉంటుంది. వారు కువైట్ వంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. వారికి 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలే. కువైట్ కూడా 2015లో ఇంటిపనివారి కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలు మించని పని, వారానికి ఒకరోజు సెలవు అందులో ఉన్నాయి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోరాదని కూడా ఉంది. ఇవన్నీ అమలవుతున్నాయా అంటే చాలా ఇళ్లలో కావడం లేదు. ఖాదిం వీసా మీద పోయినవారు ఆ ఇంట్లో తప్ప బయట పని చేయరాదు. బాధ పడలేక బయటికి వస్తే 'ఖల్లివల్లి' అని ముద్ర పడుతుంది. 2018లో, 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అలాంటివారే ఇల్లు చేరారు. అమలు ఎలా ఉన్నా, అడగడానికి ఒక చట్టం, పోవడానికి ఒక ఎంబసీ ఉన్నాయి.

దేశంలోపల ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పోయేవారి కోసం 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు ప్రయాణ ఖర్చు, వసతి, పాసుపుస్తకం ఇవ్వాలని అందులో ఉంది. 2020లో పార్లమెంటు దాన్ని పని పరిస్థితుల కోడ్‌లో కలిపింది. అక్కడా అంతర్రాష్ట్రం అన్న షరతు అలాగే ఉంది. మరి కోసిగి నుంచి గుంటూరుకు పోయినవాడు? అతను రాష్ట్రం దాటలేదు, దేశమూ దాటలేదు. వలస కార్మికుడికి దక్కవలసిన రక్షణ ఏ చట్టంలోనూ అతనికి దొరకదు. పత్తికొండ నుంచి హైదరాబాదు పోయిన కట్టడం కూలీ 2014 జూన్ 1 వరకు అంతర్రాష్ట్ర వలస కార్మికుడు కాడు. మరుసటిరోజు తెలంగాణ ఏర్పడగానే అయ్యాడు. మనిషి అతనే, పార అదే, మారింది సరిహద్దు గీత.

కష్టకాలంలోనూ ఈ తేడా చూశాం. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు భారత ప్రభుత్వం సుమారు 1,70,000 మందిని విమానాలలో వెనక్కు తెచ్చింది. వారు ఉత్త చేతులతో వచ్చారు, కానీ వచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మిరప కోతలు నడుస్తున్నాయి. మన కర్నూలు కూలీలు సొంత రాష్ట్రంలోనే గుంటూరు పొలాల్లో చిక్కుకుపోయారు.

ఇది మన ఒక్కరి కథే అనుకోనక్కరలేదు. 2004 మే 1న లాత్వియా యూరోపియన్ యూనియన్‌లో చేరింది. ఆ వెంటనే అక్కడి పనివారు వీసా లేకుండా ఐర్లండు పోయి పనిచేసుకోగలిగారు. వెనిజులా నుంచి ఇటీవలి కాలంలో 70 లక్షలమందికి పైగా వెళ్లిపోయారు. వారిలో చాలామంది పక్కనున్న కొలంబియాలో ఏళ్లపాటు కాగితాలు లేకుండా బతికారు. 2021లో ఆ ప్రభుత్వం పదేళ్ల అనుమతి పథకం ప్రకటించాక వారికి కొంత ఊరట కలిగింది. దూరం కంటే, చేతిలో ఉన్న కాగితమే వలసవాడి విలువను తేలుస్తుందని దీనివల్ల తెలుస్తోంది.

పిల్లల చదువు

ఇప్పుడు మనకు అన్నిటికంటే దగ్గరి విషయానికి వద్దాం. కువైట్ పోయేవారు పిల్లలను వెంట తీసుకపోలేరు. తల్లి పోతే పిల్లలు జేజి దగ్గర పెరుగుతారు. ప్రత్యేక ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో ఆడవాళ్లు ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలని నిబంధన. అంటే పోయే తల్లికి సాధారణంగా బడికిపోయే పిల్లలు ఉంటారన్నమాట. డబ్బు వస్తుంది, ఫీజు కట్టబడుతుంది, అమ్మ మాత్రం ఫోనులో ఉంటుంది. ఆ లోటును తక్కువగా చూడరాదు. మన హాస్టల్లోనే రాత్రిపూట ఫోను కోసం కాచుకుని కూర్చునేవారిని చూశాను.

సుగ్గి ఇంట్లో అమ్మ దగ్గరే ఉంటుంది, బడి దూరమవుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పోతే పరీక్షలు కూడా పోయినట్టే. మా ఇంటి సంగతి చెబుతాను. మా అమ్మానాయన ఆరేళ్లు సుగ్గికి పోయారు. నాకు హాస్టల్లో సీటు దొరికింది, నేను ఊర్లో నిలిచాను. మా అక్కకు దొరకలేదు. చంటి చెల్లెలిని ఎత్తుకోవడానికి మనిషి కావాలని అక్కను వెంట తీసుకపోయారు. అయిదో తరగతితో ఆమె చదువు ఆగింది. తెలివిలో అక్క నాకంటే తక్కువేమీ కాదు. నేడు మా వంశంలో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేనని అందరూ అంటుంటే, ఆ మాట వెనుక ఒక్క సీటు తేడా మాత్రమే ఉందని నాకు తెలుసు.

అలాంటి పిల్లల కోసమే సర్వశిక్షా అభియాన్ కింద కర్నూలు జిల్లా వలస గ్రామాలలో సీజనల్ హాస్టళ్లు తెరిచారు. తల్లిదండ్రులు తిరిగి వచ్చేవరకు పిల్లలు ఊరి బడిలోనే తిని, చదువుకోవడం వాటి ఏర్పాటు. అవి వలస మొదలయ్యేలోగా తెరుచుకుంటేనే ప్రయోజనం. లారీ పోయిన తర్వాత తెరిస్తే ఎవరికోసం?

మనం చేయగలిగింది

వలసను ఆపడం విద్యార్థుల చేతిలో లేదు. నీళ్లు, పని, గిట్టుబాటు ధర రావాలి. అందాకా మన ఇళ్లకు చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి.

1. పదో తరగతి సర్టిఫికెట్ ఉద్యోగానికి మాత్రమే అనుకోవద్దు. అది ఉంటే పాస్‌పోర్టు మీద ఆ ముద్ర పడదు. చదివి సంతకం పెట్టేవాణ్ణి మోసం చేయడం ఏజెంటుకూ కష్టం.

2. కువైట్ పోయే బంధువులకు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఒక జత ఇంట్లో ఉంచమని చెప్పండి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. బీమా మరచిపోవద్దు.

3. సుగ్గికి పోయే కుటుంబం బియ్యం వదులుకోనక్కరలేదు. రేషన్ ఇప్పుడు పోయినచోట తీసుకోవచ్చు. 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించండి. అడ్వాన్సు ఎంత, కోసింది ఎన్ని కిలోలు అన్నది ఒక నోటుపుస్తకంలో రాసి ఇవ్వండి.

4. విద్యా హక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందనే కారణంతో ఏ బడీ పిల్లవాణ్ణి చేర్చుకోకుండా ఉండరాదు. గుంటూరు పోయినా అక్కడి బడిలో చేర్చవచ్చు.

5. దసరా సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఏ ఇంటివారు సుగ్గికి బయలుదేరుతున్నారో, వారి పిల్లలు ఎంతమందో రాసుకుని బడి పంతులుకు ఇవ్వండి. ఒక్క కాగితం చాలు, ఆ పిల్లల పేర్లు సీజనల్ హాస్టలు జాబితాలోకి ఎక్కడానికి.

మిత్రులారా, కువైట్ బిడ్డ, సుగ్గి బిడ్డ అన్న తేడా మన భోజనాల వరుసలో లేదు. ఆ వరుసలోకి ఇంకా రాని పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. వారిలో ఎక్కువమంది మన చెల్లెళ్లే. వచ్చే ఏడాది ఈ సంచికలో వారి పేర్లతో వ్యాసాలు రావాలని కోరుకుంటున్నాను.