స్థూలకాయము – రొమ్ము కేన్సరు: గ్రామ పంచాయతీలు గమనింపవలసిన విషయములు

ఆరోగ్య ప్రచారమునకై మేము గ్రామములకు పోయినపుడు, సభ ముగిసిన పిదప కొందరు స్త్రీలు వెనుక నిలిచి, నలుగురిలో అడుగలేని ప్రశ్నలను అడుగుచుందురు. అట్లే ఒకచోట ఒక వార్డు సభ్యురాలు మమ్ము ఇట్లు అడిగిరి: “అయ్యా, మా వదినకు రొమ్ములో గడ్డ వచ్చింది. కేన్సరని డాక్టర్లు చెప్పారు. లావెక్కినందుకే వచ్చిందని ఇంట్లో అందరూ ఆమెనే అంటున్నారు. అది నిజమేనా?”

ఈ ప్రశ్నలో కొంత సత్యము, కొంత అపోహ కలిసి ఉన్నవి. ఈ రెంటిని వేరుచేసి తెలిసికొనుట ప్రతి పంచాయతీ సభ్యునకు అవసరము. 2022 సంవత్సరములో ప్రపంచమందు సుమారు 23 లక్షల మంది స్త్రీలకు రొమ్ము కేన్సరు కనిపించినది. 6 లక్షల 70 వేల మంది మరణించిరి. మన దేశములో స్త్రీలకు వచ్చు కేన్సరులలో ఇదియే మొదటి స్థానములో ఉన్నది.

కొవ్వు చేయు పని

కొవ్వు శరీరములో ఊరక పడియుండు పదార్థమని పలువురు తలంతురు. అది నిజము కాదు. స్త్రీకి ముట్లు వచ్చు వయస్సులో ఈస్ట్రోజెన్ అను హార్మోనును ముఖ్యముగా అండాశయములు తయారుచేయును. ముట్లుడిగిన పిదప అండాశయములు ఈ పనిని మానుకొనును. అప్పుడు శరీరములోని కొవ్వు ఆ పనికి పూనుకొనును. కొవ్వులో అరోమటేజ్ అను ఎంజైము కలదు. అది రక్తములోని ఇతర హార్మోనులను ఈస్ట్రోజెనుగా మార్చును. కొవ్వు ఎంత హెచ్చుగా ఉండిన, ఈస్ట్రోజెను అంత హెచ్చుగా తయారగును. రొమ్ము కేన్సరులలో అధిక భాగము ఈ హార్మోను వలన పెరుగు రకమునకు చెందినవే. ఇంతేగాక, స్థూలకాయము గలవారి రక్తములో ఇన్సులిను కూడ హెచ్చుగా ఉండి, కణములు త్వరగా పెరుగుటకు తోడ్పడును.

కావుననే ముట్లుడిగిన స్త్రీలలో స్థూలకాయము గలవారికి ఈ వ్యాధి ఎక్కువగా వచ్చుచున్నది. ముట్లుడుగక పూర్వము లెక్క వేరు. ఆ వయస్సులో లావుగా ఉన్న స్త్రీలకు ఈ వ్యాధి హెచ్చుగా వచ్చునని పరిశోధనలు చూపలేదు. అయితే నడివయస్సులో చేరిన బరువు ముట్లుడిగిన పిదప దానంతట అది పోదు.

మనలో బరువు పెరిగినవారిని చూచి “ఒళ్ళు చేసినది” అని మెచ్చుకొనుట వాడుక. పూర్వము దంపుళ్లు, తిరగలి, నీళ్ల బావి, పొలము పని ఉన్న దినములలో ఆ ఒళ్లు నిలుచుట అరుదు. నేడు ఆ శ్రమ చాలవరకు తగ్గినది. అన్నము మాత్రము తగ్గలేదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో నూటికి 30 మంది అధిక బరువుతో ఉన్నట్లు తేలినది.

బరువు తగ్గినచో ఫలమేమి?

వయస్సు మళ్లిన పిదప బరువు తగ్గినను ప్రయోజనమున్నదా? ఉన్నదనియే పరిశోధనలు సూచించుచున్నవి. 50 సంవత్సరములు పైబడిన 1 లక్షా 80 వేలకు మించిన స్త్రీల వివరములను పది పరిశోధనల నుండి కలిపి చూచిన ఫలితములు 2020లో ప్రచురితమైనవి. హార్మోను మందులు వాడని స్త్రీల విషయములో ఫలితము స్పష్టముగా నున్నది. బరువు మారని వారిలో 100 మందికి వ్యాధి వచ్చినదనుకొనిన, 2 నుండి 4½ కిలోలు తగ్గి, తిరిగి పెరుగకుండ నిలుపుకొనిన అంతే మంది స్త్రీలలో సుమారు 82 మందికి మాత్రమే వచ్చినది. 9 కిలోలు లేక అంతకు మించి తగ్గినవారిలో ఈ సంఖ్య 68. తగ్గిన బరువును నిలుపుకొనుటయే ఇందులో ముఖ్యము. నాలుగు దినములు కడుపు మాడ్చుకొని, అయిదవ దినమున రెట్టింపు తినుట వలన లాభము లేదు. పళ్లెములో తెల్లన్నము తగ్గించి, ఆకుకూరలు, కాయగూరలు, పప్పు పెంచుట, నూనె పిండివంటలను పండుగలకు పరిమితము చేయుట, వారమునకు అయిదు దినములు అరగంట చొప్పున వడిగా నడచుట – ఇవి ఎవరికైనను సాధ్యమగు పనులే.

వ్యాధి వచ్చినవారి సంగతి వేరు. చికిత్స జరుగుచుండగా ఉపవాసములు చేసి బరువు తగ్గుట ప్రమాదకరము. వారు వైద్యుల సలహా ప్రకారమే నడువవలెను.

సన్ననివారికి భయము లేదా?

ఇచ్చటనే అపోహ కలదు. సన్ననివారికిని ఈ వ్యాధి వచ్చును. మన దేశములో 50 సంవత్సరములు నిండని స్త్రీలలో కూడ ఇది తరచుగా కనిపించుచున్నది. వయస్సు, వంశములో వ్యాధి యుండుట మున్నగు పెక్కు కారణములు కలవు. లావుగా ఉన్నవారందరికిని వ్యాధి రాదు. సన్నగా ఉన్నవారందరు తప్పించుకొనలేరు. కావున రోగిని నిందించుట అన్యాయము. నింద వలన మరియొక కీడు కూడ కలదు. నలుగురు ఏమందురో అను భయముతో గడ్డను దాచుకొనుచు నెలలు గడపువారు ఎందరో ఉన్నారు. ఆలస్యమైన కొలది చికిత్స కష్టమగును. నొప్పి లేని గడ్డ, చనుమొన నుండి రక్తము స్రవించుట, రొమ్ము ఆకారము మారుట – ఇందులో ఏది కనిపించినను వెంటనే వైద్యునకు చూపవలెను.

శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేతితో పరీక్షించుట వలన మేలు కలుగునని ముంబయిలో లక్షన్నర మంది స్త్రీలపై టాటా స్మారక ఆస్పత్రివారు జరిపిన పరిశోధన తెలిపినది. 2021లో వెలువడిన ఆ ఫలితముల ప్రకారము, 50 సంవత్సరములు దాటిన స్త్రీలలో ఈ వ్యాధి వలని మరణములు నూటికి సుమారు 30 వంతున తగ్గినవి. స్థూలకాయము వలన హెచ్చు ప్రమాదము కలుగునది కూడ ఈ వయస్సువారికే.

పంచాయతీ చేయగల పని

30 సంవత్సరములు దాటిన ప్రతివారి వివరములను ఆశా కార్యకర్త ఒక పత్రములో నింపును. అందులో స్త్రీల నడుము కొలత 80 సెంటీమీటర్లకు మించినదా అని చూతురు. రొమ్ములో గడ్డ యున్నదా అనియు అడుగుదురు. ఈ పత్రము అందరికి నింపబడినదా, గడ్డ యున్నదని చెప్పినవారు ఆస్పత్రికి చేరిరా అని సభ్యులు విచారింపవలెను. రాష్ట్ర పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడినవి గనుక, స్త్రీలు స్త్రీలతో ఈ సంగతి మాటలాడుట సులభము. సంధ్యవేళ స్త్రీలు నిర్భయముగా నడుచుటకు వీధి దీపములు వెలిగించుట, పాఠశాల ఆవరణను తెరచియుంచుట పంచాయతీ చేతిలోని పనులే.

ఆ సభ్యురాలితో మేము ఇట్లు చెప్పితిమి: “అమ్మా, మీ వదినగారి తప్పేమియు లేదు. ఆమెను ఆస్పత్రికి తోడుకొనిపోవువారు, ఇంటి పని పంచుకొనువారు ఇప్పుడు కావలెను. మిగిలిన ఆడవారు నడకకు బయలుదేరవలెను. గడ్డ కనిపించినచో దాచకూడదు.” ఈ మూడు మాటలను రాబోవు పంచాయతీ సమావేశములో చదివి వినిపింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.