రాణులపై చేతబడి నింద

చేతబడి నింద నిరుపేద ముదుసలులకే తగులునని పలువురు తలంతురు. పదునైదవ శతాబ్దపు ఇంగ్లండులో ఆ నింద రాణివాసములను సైతము విడిచిపెట్టలేదు.

నవార్ రాజపుత్రిక జోన్ నాల్గవ హెన్రీకి రెండవ భార్య. 1413లో భర్త గతించిన పిమ్మట ఆమెకు ఏటేట 10,000 మార్కుల మనోవర్తి చెల్లవలసియుండెను. మార్కనగా పౌనులో మూడింట రెండు వంతులు. సవతి కుమారుడైన ఐదవ హెన్రీ అప్పుడు ఫ్రాన్సుతో యుద్ధము సాగించుచుండెను. బొక్కసమునకు ధనము కావలసియుండెను. 1419లో ఆమె మతగురువు జాన్ రాండాల్ఫ్, రాణి మంత్రప్రయోగముచే రాజును చంపదలచెనని ఆరోపించెను. విచారణ జరుగలేదు, తీర్పు వెలువడలేదు. ఆస్తి మాత్రము రాజు వశమయ్యెను.

జోన్‌ను పెవెన్సీ, లీడ్స్ కోటలలో నిర్బంధించిరి. అయినను ఆమెకు పరిచారకులకు గాని, మంచి భోజనమునకు గాని కొరత లేకుండెను. రాజు తమ్ముడు, గ్లౌస్టర్ ప్రభువగు హంఫ్రీ సైతము ఆమెను దర్శించెను. ప్రాణములు తీయు మంత్రగత్తె యని నిజముగ నమ్మినవారు ఆమె గడప త్రొక్కుదురా? 1422 జూలైలో రాజు, తన అంతరాత్మకు భారము కాకుండుటకై, ఆమె ఆస్తిని తిరిగి యిమ్మని ఆజ్ఞాపించెను. ఆగస్టు 31న ఆయన మరణించెను. జోన్ 1437 వరకు జీవించెను.

కాలక్రమమున ఆ హంఫ్రీ యింటికే ఆ నింద వచ్చెను. ఆరవ హెన్రీకి సంతానము లేనందున హంఫ్రీయే సింహాసనమునకు వారసుడు. ఆస్థానమున ఆయనకు శత్రువులు పెక్కురు. 1441లో ఆయన భార్య ఎలినార్, రాజు ఆయుర్దాయమును జ్యోతిష్కులచే గణింపజేసెనని, మైనపు బొమ్మతో ప్రయోగము చేయించెనని అభియోగము మోపిరి. కొన్నిటిని ఆమె అంగీకరించెను; మందుమాకులు సంతానము కొరకే యనెను. చేత మైనపువత్తి ధరించి మూడు దినములు లండను వీధులలో నడచునట్లు ఆమెను శిక్షించిరి. వివాహము రద్దయ్యెను. 1452లో మరణించువరకు ఆమె బందీయే. హంఫ్రీ పలుకుబడి అంతటితో సన్నగిల్లెను.

ఈ వ్యవహారముననే మార్జరీ జోర్డమేన్ అను సామాన్య స్త్రీని స్మిత్‌ఫీల్డున సజీవముగ దహించిరి. రాణి ఆస్తి రాణికి చేరెను. ప్రభువు భార్యకు ప్రాణమైన దక్కెను. మార్జరీకి ఏదియు మిగులలేదు.

మంత్రము ఫలించెనా యను ప్రశ్న చరిత్ర విద్యార్థికి ముఖ్యము కాదు. నింద వలన ఎవరికి ఏమి దక్కెనో, ఎవరు ఏమి కోల్పోయిరో విచారించుటయే ముఖ్యము.