ఒకటోసారి... రెండోసారి... పిన్‌బాల్!

విశాఖపట్నం చేపలరేవులో తెల్లవారుజామున వినిపించే పాటకి సంగీత దర్శకుడు లేడు. పల్లవి లేదు, చరణాలూ లేవు. పడవలోంచి దింపిన చేపల చుట్టూ జనం మూగుతారు. ఒకరు ధర అంటారు, ఇంకొకరు పెంచుతారు, మరొకరు కంటిసైగతోనే కానిచ్చేస్తారు. చూస్తుండగానే సరుకు చేతులు మారిపోతుంది!

వేలాన్ని "పాట" అని ముద్దుగా పిలుచుకున్నవాళ్ళం మనం. మొదటి ధర ప్రభుత్వమే చెబితే అది "సర్కారు వారి పాట". ఆ మాటనే పేరుగా పెట్టుకుని 2022లో మహేష్‌బాబు చిత్రం కూడా వచ్చింది. అదీ పాటకీ సినిమాకీ ఉన్న చుట్టరికం!

విశాఖ కుర్రాళ్ళకి వేలమంటే కొత్తేమీ కాదు. ఉక్కు కర్మాగారంలో మిగిలిన తుక్కు ఈ-వేలంలో పోతుంది. రేవులో దిగిన విదేశీ సరుకుని 30 రోజుల్లోగా ఎవరూ విడిపించుకోకపోతే, యజమానికి నోటీసిచ్చి, కస్టమ్స్ అనుమతితో అమ్మేయవచ్చునని 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 48వ సెక్షన్ చెబుతోంది.

సరే, అలాంటి ఒక పాటలో మీ ముందుకి పాత పిన్‌బాల్ మిషను వచ్చిందనుకోండి. ఏం చేస్తారు? చెయ్యెత్తుతారా, ఎత్తరా?

విశాఖలో ఇది మన ఊహే. కానీ అమెరికాలో ఏళ్ళ తరబడి జరుగుతున్న సంగతి. ఆ వేలాల్లో చేతులెత్తినవాళ్ళు కొందరు లేకపోతే పిన్‌బాల్ అనే ఆట ఈపాటికి ఫోటోల్లో మాత్రమే మిగిలేది. ఆ కథే ఇది.

హీరో ఎంట్రీ

పిన్‌బాల్ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. చిన్నప్పుడు చెక్కపలక మీద మేకులు కొట్టి, స్ప్రింగుతో గోలీని తోసే బేగటెల్ ఆట ఆడారా? దాని పెద్దన్నయ్యే పిన్‌బాల్. ఆ స్ప్రింగు ఏర్పాటుకి అమెరికాలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన 1871లోనే పేటెంటు తీసుకున్నాడు.

నాలుగు కాళ్ళ మీద వాలుగా నిలబడిన పొడుగాటి పెట్టె. పైన అద్దం. లోపల రంగురంగుల బొమ్మలు, దీపాలు, గంటలు. సుమారు 27 మిల్లీమీటర్ల ఉక్కు బంతి, బరువు 80 గ్రాములు. అది పైనుంచి దొర్లుకుంటూ వస్తుంది. కింద రెండు రెక్కలుంటాయి. పెట్టెకి అటూ ఇటూ ఉన్న బొత్తాలు నొక్కితే ఆ రెక్కలు టక్కున లేచి బంతిని మళ్ళీ పైకి కొడతాయి. వాటినే ఫ్లిప్పర్లంటారు. 1947లో గాట్లీబ్ కంపెనీ "హంప్టీ డంప్టీ" అనే మిషనుకి వీటిని పెట్టింది. ఒకటి కాదు, రెండు కాదు, ఏకంగా ఆరు!

బంతి కిందికి జారిపోతుంటే పెట్టెని కాస్త కుదపొచ్చు. మరీ ఊపారా, లోపల వేలాడే లోలకం వెళ్ళి చుట్టూ ఉన్న కడియానికి తగులుతుంది. "టిల్ట్" అని దీపం వెలుగుతుంది. రెక్కలు చచ్చుబడతాయి. ఆ బంతి పోయినట్టే!

వెండితెరకీ దీనికీ పాత స్నేహమే. 1969లో "ది హూ" బృందం చేసిన "టామీ" ఆల్బమ్‌ని దర్శకుడు కెన్ రస్సెల్ 1975లో సినిమాగా తీశాడు. చూపు, వినికిడి, మాట మూడూ లేని కుర్రాడు పిన్‌బాల్‌లో అందర్నీ ఓడిస్తాడు. ఆ పాత్ర రోజర్ డాల్ట్రీది. అతని చేతిలో ఓడిపోయే చాంపియన్‌గా గాయకుడు ఎల్టన్ జాన్ వేసుకొచ్చిన బూట్లున్నాయే, మన సర్కస్ పొడుగుకాళ్ళవాడు కూడా చిన్నబోవాలి! బాలీ కంపెనీ ఊరుకుంటుందా? అదే ఏడాది "విజార్డ్" మిషను, మరుసటి ఏడాది ఎల్టన్ జాన్ బొమ్మతో "కెప్టెన్ ఫెంటాస్టిక్" దింపింది.

ఇక 1991 నాటి "ది ఆడమ్స్ ఫ్యామిలీ" సినిమా పేరుతో 1992లో వచ్చిన మిషనైతే 20,270 అమ్ముడైంది. సినిమాలో నటించిన రౌల్ జూలియా, అంజెలికా హస్టన్ ఇద్దరూ ఈ మిషను కోసమే ప్రత్యేకంగా డైలాగులు చెప్పారు. మన దగ్గర హీరోకి కటౌట్ కడతారు, అక్కడ ఆటే కట్టారు. అంతే తేడా!

విలన్ చేతిలో సుత్తి

మరి ఇంత ముచ్చటైన ఆటకి విలన్ ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ న్యూయార్క్ నగర మేయరు! పేరు ఫియరెల్లో లా గార్డియా. ఇది ఆట కాదు జూదమనీ, బడిపిల్లల చిల్లర డబ్బులు కాజేస్తోందనీ ఆయన వాదన. అప్పటికింకా ఫ్లిప్పర్లు లేవు. స్ప్రింగు లాగి వదలడం, పెట్టెని కుదపడం తప్ప ఆడేవాడి చేతిలో పెద్దగా ఏమీ లేదు. కాబట్టి ఆ మాట పూర్తిగా తీసెయ్యడానికీ లేదు.

1942లో నిషేధం వచ్చింది. పోలీసులు వేలకొద్దీ మిషన్లు పట్టుకున్నారు. మేయరుగారు స్వయంగా పెద్ద సుత్తి పట్టి మిషన్లు పగలగొడుతూ ఫోటోలకి నిలబడ్డారు. అది యుద్ధకాలం, లోహానికి గిరాకీ. ఆటవస్తువు తుక్కైపోయింది.

ఈ నిషేధం ఎన్నేళ్ళు సాగిందనుకున్నారు? 34 ఏళ్ళు! 1976లో నగర కౌన్సిల్ ముందు విచారణ జరిగింది. రోజర్ షార్ప్ అనే యువ పాత్రికేయుణ్ణి సాక్షిగా పిలిచారు. ఇది అదృష్టం కాదు, నైపుణ్యం అని ఆయన ఆడి చూపించాలి. ఆయన ఒక మిషను సిద్ధం చేసుకుంటే, అందులో ఏదో మతలబుందని ఒక సభ్యుడికి అనుమానం! పక్కనున్న రెండో మిషను మీద ఆడమన్నారు. షార్ప్ కాసేపు ఆడాక, "ఇప్పుడు బంతిని నడిమి దారిలోంచి పంపిస్తాను చూడండి" అని ముందే చెప్పి స్ప్రింగు లాగి వదిలాడు. బంతి సరిగ్గా ఆ దారిలోంచే వెళ్ళింది!

నిషేధం ఎగిరిపోయింది. ఆ క్షణంలో తనకి అదృష్టమూ కలిసొచ్చిందని షార్పే తర్వాత చెప్పుకున్నాడు. ఈ కథతో తీసిన "పిన్‌బాల్: ది మ్యాన్ హూ సేవ్డ్ ది గేమ్" చిత్రం 2023లో విడుదలైంది. కోర్టు సీను క్లైమాక్సులంటే చెవి కోసుకునే మనవాళ్ళకి నచ్చే సరుకే!

సెకండాఫ్‌లో రెండో సుత్తి

కథ సుఖాంతమైందనుకుంటే ఇంటర్వెల్ దగ్గరే లేచిపోయినట్టు. 1978లో "స్పేస్ ఇన్వేడర్స్", 1980లో "ప్యాక్‌మ్యాన్" వచ్చి పడ్డాయి. వీడియో గేముకి బంతి అరగదు, రబ్బరు తెగదు, మెకానిక్ వారం వారం రానక్కర్లేదు. హోటళ్ళ నుంచీ ఆటశాలల నుంచీ పిన్‌బాల్ మెల్లగా బయటికి నడిచింది. 1999లో విలియమ్స్ కంపెనీ పిన్‌బాల్ తయారీనే మానేసింది. కొన్నేళ్ళపాటు స్టెర్న్ అనే ఒక్క కంపెనీయే పెద్ద ఎత్తున ఈ పని సాగించింది.

మరి పాత మిషన్లన్నీ ఎక్కడికి పోయాయి? వేలానికి! ఊరి శివార్లలో గోదాము, వరసగా నిలబెట్టిన మిషన్లు, చేతిలో చీటీ పట్టుకున్న జనం. ఆ జనంలో రెండు రకాలు. ఒకడు విడిభాగాలకీ తుక్కుకీ లెక్క కట్టుకుని వచ్చినవాడు. రెండోవాడు తన పద్నాలుగో ఏట అదే మిషను మీద చిల్లరంతా పోగొట్టుకున్నవాడు. మిషను బతకడమా, చావడమా అన్నది వీళ్ళిద్దరిలో ఎవరు చివరిదాకా చెయ్యి దించరన్న దాని మీదే ఉంటుంది. మేయరు సుత్తికి ఎదురు చెప్పే వీల్లేదు. వేలంపాటవాడి సుత్తి దెబ్బ మాత్రం మన చెయ్యి ఆపగలదు!

2021లో కాలిఫోర్నియాలోని బ్యానింగ్ ఊళ్ళో పిన్‌బాల్ మ్యూజియం మూతపడి, వెయ్యికి పైగా యంత్రాలు వేలానికి వచ్చాయి. ఒకచోట ఉన్నవి ఎన్నో ఇళ్ళకి చెదిరిపోయాయి.

చెయ్యెత్తే ముందు...

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఎక్కడైనా ఇలాంటి పాత ఆటమిషను వేలానికొస్తే, మొదటి జీతం జేబులో పెట్టుకుని వెళ్ళిన కుర్రాడు ఏం చూసుకోవాలి?

వేలం షరతుల్లో "ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటనే" అన్న ముక్క ఉంటుంది. ఇంటికెళ్ళాక అది పాడైనా, లోపల సగం సామాను లేకపోయినా ఆ బాధ మీదే. అందుకే పాట మొదలవక ముందే వెళ్ళండి. ప్లగ్గు పెట్టించి ఒక ఆట పూర్తిగా ఆడండి. ఆ ఒక్క సాయంత్రం పనిచేస్తే చాలన్నట్టు అతుకులేసి తెచ్చే సరుకు కొంత ఉంటుంది. అక్కడివాళ్ళు దాన్ని "వేలం సరుకు" అని వెటకారంగా పిలుస్తారు.

తరువాత ప్లగ్గు తీయించి, అద్దం జరిపించి, ఆటపలకని పైకెత్తించి లోపల చూడండి. 1977కి ముందువి చాలావరకు రిలేలు, తీగలు, గంటలతో నడిచేవి. ఓపికున్న మెకానిక్ వాటికి ప్రాణం పోయగలడు. ఆ తరువాతివాటిలో ఎలక్ట్రానిక్ బోర్డులుంటాయి. ఆ బోర్డు మీదో పక్కనో ఉన్న బ్యాటరీ కారిందేమో చూడాలి. కారిన ద్రవం రాగి గీతల్ని చెదపురుగులా తినేస్తుంది. పచ్చగా, తెల్లగా పొడి కనిపిస్తే ఆ రిపేరు ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

రబ్బరు ఉంగరాలు, బల్బులు పోయినా కంగారు పడకండి, చవకగా దొరుకుతాయి. కానీ ఆటపలక మీద రంగు అరిగి చెక్క బయటపడినా, నిలువుగా ఉండే వెనక అద్దం మీద బొమ్మ పెచ్చులూడినా అది తేలిగ్గా తీరే జబ్బు కాదు. హీరోయిన్ ముఖమే పోయిన పోస్టరు కొన్నట్టు!

బంతిని చేతిలోకి తీసుకుని వేలితో రాయండి. విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్ళో ఉక్కుకి తుప్పు ఎంత త్వరగా పడుతుందో మీకు వేరే చెప్పాలా? గరుకు బంతి గరుకు కాగితంలా పలకనంతా గీకేస్తుంది. కాబట్టి మిషను తెచ్చిన రోజే బంతి మార్చెయ్యాలి. అయితే స్టెయిన్‌లెస్ స్టీలుది మెరుస్తోంది కదా అని వెయ్యకండి. ఆడమ్స్ ఫ్యామిలీ లాంటి మిషన్లలో పలక కింద అయస్కాంతాలుంటాయి. చాలా రకాల స్టెయిన్‌లెస్ వాటికి లొంగదు.

ఇంకో ప్రమాదం కరెంటు. అమెరికా మిషను 120 వోల్టులది, మన గోడలో ఉన్నది 230. సరదాపడి నేరుగా ప్లగ్గు పెడితే ఫ్యూజు పోవడంతో ఆగకపోవచ్చు. లోపలి ట్రాన్స్‌ఫార్మరు తీగలు మార్పించాలి, లేదా వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు వేరే పెట్టాలి. తెలిసిన ఎలక్ట్రీషియన్ లేకుండా చెయ్యి పెట్టకండి.

చివరిది డబ్బు. మీ పైధర ఇంట్లోనే కాగితం మీద రాసుకెళ్ళండి. 50 వేలకి పాట కొట్టేశారనుకోండి. వేలం కంపెనీ కమిషన్ 10 శాతమైతే ఇంకో 5 వేలు. పైన పన్ను. మిషను సుమారు 120 కిలోలుంటుంది, అంటే బండి, నలుగురు మనుషులు. ఆపైన రిపేరు. పాట వేడిలో పక్కవాడి మీద పంతం కొద్దీ పెంచినది మీ జేబుకే చిల్లు!

మన సంగతేమిటి?

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. మన సినిమా హాళ్ళలో ప్రొజెక్టర్లుండేవి. కార్బన్ కడ్డీల మధ్య నిప్పు వెలుగు, లోపల సెకనుకి 24 సార్లు ఫిల్ముని ఆపి ఆపి కదిపే చిన్న శిలువ ఆకారపు చక్రం, రీలు తెగితే కింద ఈలలు! 2005 తరువాత శాటిలైట్ ద్వారా, హార్డ్‌డిస్కుల ద్వారా బొమ్మలు రావడం మొదలైంది. పదేళ్ళలో రీళ్ళ డబ్బాలు దాదాపు మాయమైపోయాయి. మన తాతల నాటి నుంచి ప్రతి హీరోనీ తెర మీదికి పంపిన ఆ యంత్రాలు చాలాచోట్ల కిలోల లెక్కన కాటా ఎక్కాయి. పిన్‌బాల్‌కి దొరికిన రెండో రకం మనిషి వాటికి అంతగా దొరకలేదు.

అన్నీ పోలేదు. మీ ఊళ్ళో మూతపడ్డ థియేటర్ పై గదిలో ఏదో ఒకటి దుమ్ము కప్పుకుని ఉండొచ్చు. రేపో మాపో దానికీ పాట జరుగుతుంది. తుక్కువాడు ఎలాగూ వస్తాడు. మీరూ వెళ్ళండి. మూడోసారి అనకముందే చెయ్యెత్తండి.

కానీ గుర్తుందిగా? ఎత్తే ముందు మూత తీయించి లోపల చూడండి!