ఫోటో వెనక పేరు

సూళగిరిలో మా అవ్వ ఇంట్లో, దేవుడి పటాల పక్కన ఒక సిపాయి ఫోటో ఉంది. చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నా, ఎవరని ఎప్పుడూ అడగలేదు. మొన్న సెలవుల్లో అడిగితే, "మా నాయన. మద్రాస్ శాపర్స్‌లో ఉండె. యుద్ధానికని ఇటలీకి పోయొచ్చినాడు" అనింది అవ్వ. ఫోటో తిప్పి చూశాను. బెంగళూరు స్టూడియో ముద్ర తప్ప ఒక్క అక్షరం లేదు. పేరు లేదు, సంవత్సరం లేదు.

అప్పట్నుంచి పాత యుద్ధం ఫోటోల గురించి చదువుతున్నాను. వాటిని ఎలా చూడాలో నాకు నేర్పింది కెనడా సిపాయిల ఫోటోలు.

మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా నుంచి 6 లక్షలకు పైగా జనం సైన్యంలో చేరారు. 60 వేలకు పైగా చనిపోయారు. 1916 నుంచి వాళ్ళ ఫోటోలు తీయడానికి అధికారికంగా ఫోటోగ్రాఫర్లను పెట్టారు. వాళ్ళలో ఐవర్ కాజిల్ తీసిన ఒక వరస ఫోటోలకు చాలా పేరొచ్చింది. సిపాయిలు కందకంలోంచి పైకెక్కి శత్రువు మీదికి పరిగెత్తుతుంటారు, పైన గుండ్లు పేలుతుంటాయి. నిజానికి అవి యుద్ధంలో తీసినవి కావు. యుద్ధరంగానికి వెనక, శిక్షణ ఇచ్చే చోట తీసినవి. పేలుళ్ళను తర్వాత అతికించారు. అప్పటి కెమెరాలు బరువు, గుండ్ల మధ్య నిలబడి తీయడం ప్రాణాలతో చెలగాటం. ఊళ్ళో ఉన్న జనానికేమో వీరత్వం చూపించాలి.

ఆయన తర్వాత వచ్చిన విలియం రైడర్-రైడర్ 1917లో పాషెండేల్ అనే చోట తీసిన ఫోటోల్లో ఎవరూ పరిగెత్తరు. బురద, నీళ్ళు నిండిన గుంతలు, వాటిలో కూర్చున్న మెషిన్‌గన్ మనుషులు. అంతే. కానీ యుద్ధం అంటే ఏంటో నాకు అర్థమైంది ఆ బురద చూశాకే.

మనవాళ్ళ ఫోటోలూ ఉన్నాయి. 1915లో ఫ్రాన్స్‌లో ఉన్న భారత సైన్యాన్ని గిర్డ్‌వుడ్ అనే ఫోటోగ్రాఫర్ తీశాడు. వాటిలోనూ కొన్ని ఆయన చెప్పి చేయించినవే. ఇలాంటి ఫోటోల కింద తెల్ల అధికారి పేరు తరచుగా కనిపిస్తుంది. మనవాళ్ళకు మాత్రం చాలాసార్లు "భారతీయ సిపాయిలు" అన్న ఒక్క మాటే.

రెండో ప్రపంచ యుద్ధానికి వస్తే, భారత సైన్యంలో సుమారు 25 లక్షల మంది ఉన్నారు. శాపర్లంటే సైన్యంలో వంతెనలు కట్టేవాళ్ళు, రోడ్లు వేసేవాళ్ళు, మందుపాతరలు తీసేవాళ్ళు. బెంగళూరులో ఉన్న మద్రాస్ శాపర్స్‌లో తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం మాట్లాడేవాళ్ళంతా చేరేవాళ్ళు. ఆ దళానికి చెందిన సుబేదార్ సుబ్రమణ్యం 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో పేలబోతున్న మందుపాతర మీద పడి తోటివాళ్ళను కాపాడారు. ప్రాణం పోయాక ఆయనకు జార్జ్ క్రాస్ ఇచ్చారు. అదే ఏడాది మే నెలలో కాసీనో దగ్గర గారి నది దాటేటప్పుడు, మన 8వ ఇండియన్ డివిజన్‌కు తోడుగా వచ్చినవి కెనడా ట్యాంకులే. నేను రెండు వేరు కథలుగా చదివినవి అక్కడ ఒకే నది ఒడ్డున కలిశాయి.

సుబ్రమణ్యం గారి పేరు పతకం వల్ల నిలిచింది. పతకం రానివాళ్ళ సంగతి?

మళ్ళీ అవ్వ ఇంటికి పోయి మా ముత్తాత ఫోటోను ఈసారి సరిగా చూశాను. వెనక తోట బొమ్మ వేసిన తెర. ఒక చెయ్యి స్టూలు మీద. ఇస్త్రీ మడత చెదరని బట్టలు. ఇందులో ఇటలీ లేదు, యుద్ధం లేదు. యుద్ధానికి పోయేముందు తీయించుకున్నాడా, వచ్చాకా అని అడిగితే, "పోయేముందే. మా అమ్మకి ఇచ్చి పోయినాడంట. తిరిగి రాకుంటే ఇదన్నా ఉంటుందని" అనింది అవ్వ.

ఈ మాట ఫోటోలో ఎక్కడా లేదు. అవ్వ దగ్గర మాత్రమే ఉంది. ఆమెకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు.

పెన్ను ఇంకు ముందువైపుకు దిగుతుందని మెత్తని పెన్సిల్ తీసుకున్నా. అవ్వ చెప్తుంటే ఫోటో వెనక ఆయన పేరు, ఊరు, దళం రాశా. అమ్మ భాషని తెలుగులో ఒకసారి, నాన్న భాషని తమిళంలో ఒకసారి.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి ఫోటో ఒకటి ఉండొచ్చు. ఈ ఆదివారం ఇంటికి పోయినప్పుడు తిప్పి చూడండి. వెనక ఏమీ లేకపోతే, చెప్పగలిగినవాళ్ళు ఉండగానే అడిగి రాయండి.