ఆడిటర్ సంతకం ఎంత దూరం చెల్లుతుంది?

పిల్లల్ని పై చదువులకు విదేశాలకు పంపే తెలుగు ఇళ్లలో వీసా ఫైలుతో పాటు ఒక కాగితం తయారవుతుంది. ఊళ్లోని ఇల్లు, పొలం, బ్యాంకు డిపాజిట్లు, బంగారం అన్నిటికీ విలువ కట్టి చార్టర్డ్ అకౌంటెంట్ ఇచ్చే నెట్‌వర్త్ సర్టిఫికెట్ అది. దాన్ని చదివే అధికారికి ఆ పొలం ఏ మండలంలో ఉందో తెలియదు. సంతకం చేసిన సీఏ ఎవరో అంతకన్నా తెలియదు. అయినా ఆ సంతకాన్ని లెక్కలోకి తీసుకుంటాడు. ఆ నమ్మకంలో సీఏ సొంతంగా సంపాదించుకున్నది కొంతే. మిగతాది ఆయన సభ్యుడిగా ఉన్న సంస్థ ఇంటా బయటా కుదుర్చుకున్న పొత్తుల పుణ్యం.

సర్టిఫికెట్ అడుగున అంకెలూ అక్షరాలూ కలిపి మొత్తం 18 ఉండే ఒక సంఖ్య కనిపిస్తుంది. పేరు యూడిన్. మొదటి రెండంకెలు ఏడాదివి, తర్వాతి ఆరు ఆ సీఏ సభ్యత్వ నంబరు. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా, అంటే ఐసీఏఐ, దీన్ని తెచ్చింది. సీఏ కానివాళ్లు కూడా రబ్బరు స్టాంపు చేయించుకుని సర్టిఫికెట్లు ఇచ్చేయడం అప్పటికి పెద్ద తలనొప్పిగా ఉండేది. 2019 ఫిబ్రవరి 1 నుంచి సర్టిఫికెట్లకు, జులై 1 నాటికి ఆడిట్ రిపోర్టులతో సహా సీఏ ధ్రువీకరించే పత్రాలన్నిటికీ యూడిన్ తప్పనిసరైంది.

సంఖ్య వేసినంత మాత్రాన దొంగ సంతకాలు ఆగవు. ఎదుటివాడు దాన్ని సరిచూడాలి. అందుకని ఐసీఏఐ ఆదాయపు పన్ను శాఖతో చేతులు కలిపింది. 2020లో రెండు పోర్టళ్లనూ అనుసంధానించారు. గడువులోగా యూడిన్ సరిపోలని ట్యాక్స్ ఆడిట్ రిపోర్టును ఆ శాఖ చెల్లనిదిగా లెక్కగడుతుంది. బ్యాంకులు కూడా అప్పు ఫైళ్లలోని సర్టిఫికెట్లను ఇదే తీరున సరిచూసుకోగలుగుతున్నాయి. వృత్తి సంస్థల పొత్తులు అనగానే శాలువాలు, జ్ఞాపికలు, వరసగా నిలబడి దిగిన ఫొటోలు గుర్తొస్తాయి. నా దృష్టిలో రెండు కంప్యూటర్లు మాట్లాడుకునేలా చేసిన ఈ పొత్తు వంద ఫొటోల పెట్టు.

ఐసీఏఐ సంఘం మాత్రమే కాదు, చట్టం పుట్టించిన సంస్థ. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టంతో అదే ఏడాది జులై 1న ఏర్పడింది. పరీక్షలు పెట్టేదీ, ఆర్టికల్‌షిప్ నియమాలు రాసేదీ, తప్పు చేసిన సభ్యుడి పేరు కొట్టేసేదీ అదే. దక్షిణాది ప్రాంతీయ మండలి చెన్నైలో ఉంది. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం శాఖలు దాని కిందికే వస్తాయి.

సరిహద్దు దాటాక కథ మారుతుంది. ఇంకో దేశంలో ఈ చట్టానికి బలం లేదు. అక్కడ పొత్తులే దిక్కు. 1973లో ఆస్ట్రేలియా నుంచి అమెరికా దాకా కొన్ని దేశాల అకౌంటెన్సీ సంస్థలు కలిసి అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలు రాయడానికి లండన్ కేంద్రంగా ఒక కమిటీ పెట్టుకున్నాయి. 1977లో మ్యూనిక్‌లో 63 సంస్థలు కలిసి ఇంటర్నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ అకౌంటెంట్స్‌ను, అంటే ఐఫ్యాక్‌ను ఏర్పాటు చేశాయి. వాటిలో మన ఐసీఏఐ ఒకటి. ఇవేవీ ప్రభుత్వాల మధ్య ఒడంబడికలు కావు, లెక్కల మనుషులు తమలో తాము రాసుకున్న కట్టుబాట్లు.

ఐఫ్యాక్‌లో ఉండాలంటే ఏడు బాధ్యతలు ఒప్పుకోవాలి. చదువు, నైతిక నియమావళి, ఆడిట్ ప్రమాణాలు, పని నాణ్యత తనిఖీ, విచారణ-క్రమశిక్షణ, ప్రభుత్వ రంగ లెక్కలు, ఆర్థిక నివేదికల ప్రమాణాలు. ప్రతి సభ్య సంస్థా తన దేశంలో వీటిని అమలు చేయించడానికి శక్తి మేరకు ప్రయత్నించాలి. ఏ మేరకు చేసిందో బయటకు చెప్పాలి. మన దేశంలో పెద్ద కంపెనీలు 2016 ఏప్రిల్ నుంచి పాటిస్తున్న ఇండ్ ఏఎస్ ప్రమాణాలు ఈ దారిలో వచ్చినవే. అయితే మనవాళ్లు అంతర్జాతీయ ప్రమాణాలను ఉన్నదున్నట్టు దించుకోలేదు. మన పరిస్థితికి తగ్గట్టు అక్కడక్కడా మార్పులు చేసుకున్నారు. ఆ మార్పుల చిట్టా మీద విదేశీ ఇన్వెస్టర్లు ఇప్పటికీ గొణుగుతూనే ఉంటారు.

రెండో రకం పొత్తు రెండు సంస్థల మధ్య నేరుగా కుదిరేది. ఇంగ్లండ్ అండ్ వేల్స్ చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్‌తో, సీపీఏ ఆస్ట్రేలియాతో ఐసీఏఐకి ఇలాంటి ఒప్పందాలున్నాయి. సంతకాలకు ముందు జాతకాలు కలిపి చూసినట్టు రెండు సిలబస్‌లనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆడిట్, కాస్టింగ్ లాంటివి చాలావరకు కలుస్తాయి. పన్నులూ కంపెనీ చట్టమూ ఏ దేశానివి ఆ దేశానివే. కలిసిన పేపర్లకు మినహాయింపు ఇచ్చి, మిగిలిన కొన్నే రాయమంటారు. మొత్తం కోర్సు మళ్లీ చదవనక్కర్లేదు. ఇలాంటి అవగాహనా ఒప్పందాలు కేంద్ర మంత్రివర్గం ఆమోదానికి వెళ్తాయి. 1949 చట్టంలోని 29వ సెక్షన్ ఇంకో మెలిక కూడా పెట్టింది. భారతీయులను తమ సంస్థల్లో చేరనివ్వని దేశపు పౌరులకు మన సంస్థలోనూ చోటు లేదు.

గుంటూరులోనో విజయవాడలోనో కోచింగ్ తీసుకుని సీఏ పాసై, సిడ్నీలో ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాడికి ఈ ఒప్పందం అక్కడి సభ్యత్వం దగ్గర చేస్తుంది. కానీ సభ్యత్వం వేరు, కంపెనీ ఆడిట్ మీద సంతకం పెట్టే హక్కు వేరు. ఆ హక్కుకు అక్కడి చట్టం ప్రకారం రిజిస్టరు కావాలి. ఒప్పందం గురించి గొప్పగా చెప్పే ప్రకటనల్లో ఈ ముక్క సాధారణంగా చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇరుగుపొరుగుతో వ్యవహారం కాస్త భిన్నం. 1984లో మొదలైన దక్షిణాసియా అకౌంటెంట్ల సమాఖ్య సాఫాలో భారత, పాకిస్తాన్ సంస్థలు రెండూ సభ్యులే. సార్క్ దేశాధినేతల శిఖరాగ్ర సమావేశం 2014 తర్వాత జరగనే లేదు. సాఫా మాత్రం ఆ తర్వాత కూడా మంచి వార్షిక నివేదికలకు అవార్డులిస్తూ వచ్చింది. నేపాల్ తన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థను 1997లో చట్టం చేసి పెట్టుకుంది. ఐసీఏఐ పరీక్షలకు కాఠ్‌మాండూలో ఇప్పటికీ సెంటరు ఉంది.

ఇన్ని పొత్తుల బలమెంతో హైదరాబాద్‌కు ఒక్క రోజులో తెలిసొచ్చింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది. పుస్తకాల్లో 5,361 కోట్లు చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవని అందులో ఉంది. ఆ లెక్కల మీద ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థ సంతకం ఉంది. కంపెనీ షేర్లకు న్యూయార్క్‌లోనూ ట్రేడింగ్ ఉండటంతో అమెరికా నియంత్రణ సంస్థలు రంగంలోకి దిగాయి. బ్యాంకుల నుంచి ధ్రువీకరణ తెప్పించుకునే పనిని ఆడిటర్లు తమ అదుపులో ఉంచుకోలేదని అవి తేల్చాయి. 2011 ఏప్రిల్‌లో ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థల మీద రెండు నియంత్రణ సంస్థలూ కలిపి 75 లక్షల డాలర్ల జరిమానా వేశాయి. ఆడిట్ ప్రమాణాలు మన దగ్గరా ఉన్నాయి, అక్కడా ఉన్నాయి. బ్యాంకుకు ఉత్తరం ఎవరు పంపారు, జవాబు ఎవరి చేతికి వచ్చింది అన్న మామూలు పనిలోనే అంతా జారిపోయింది.

ఆ దెబ్బకు 'మా వాళ్లను మేమే చూసుకుంటాం' అనే మాట పలచబడింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం 2018 అక్టోబరులో నేషనల్ ఫైనాన్షియల్ రిపోర్టింగ్ అథారిటీ వచ్చింది. లిస్టెడ్ కంపెనీలు, పెద్ద సంస్థల ఆడిటర్ల మీద విచారణ దాని చేతికి వెళ్లింది. ఐసీఏఐకి ఇది ఇష్టమైన మార్పు కాదు. కానీ బయటివాళ్ల కంటికి అది నమ్మకం పెంచే మార్పే.

ఈ లాగులాట 2024లో మళ్లీ బయటపడింది. ఒక గ్రూపులో మాతృ కంపెనీని ఒక ఆడిటర్, అనుబంధ కంపెనీలను వేరే ఆడిటర్లు చూస్తుంటారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మొత్తం గ్రూపు లెక్కకు ప్రధాన ఆడిటరే పూచీ. మన ఎస్ఏ 600 ప్రమాణం మాత్రం ఎవరి భాగానికి వారే బాధ్యులని ఊరుకుంటుంది. దీన్ని అంతర్జాతీయ పద్ధతికి దగ్గరగా మార్చాలని అథారిటీ ప్రతిపాదించింది. ఐసీఏఐ గట్టిగా అడ్డుచెప్పింది. పూచీ అంతా తనదైతే ప్రధాన ఆడిటర్ అనుబంధ కంపెనీల పనిని కూడా తన మనుషులకే ఇప్పించుకుంటాడని, చిన్న ఫర్మ్‌ల పొట్ట కొట్టినట్టవుతుందని దాని వాదన. ఈ భయంలో నిజముంది. రాజమండ్రిలో ముగ్గురు భాగస్వాములతో నడిచే ఫర్మ్‌కు ముంబై ఆడిటర్ పంపే ప్రశ్నావళికి జవాబులు రాసే తీరికా సిబ్బందీ ఉండవు. అయినా పాత ప్రమాణాన్నే పట్టుకు వేళ్లాడటం దీనికి మందు కాదనుకుంటాను. చిన్న ఫర్మ్‌లు నెట్‌వర్క్‌గా ఏర్పడటానికి, విలీనం కావడానికి ఐసీఏఐ నిబంధనలు ఇదివరకే అనుమతిస్తున్నాయి. లండన్‌తో, మెల్‌బోర్న్‌తో పొత్తు కుదుర్చుకున్న నేర్పు రాజమండ్రి ఫర్మ్‌కూ కాకినాడ ఫర్మ్‌కూ మధ్య పొత్తు కుదర్చడంలో ఇంకా అంతగా కనబడటం లేదు.